ఆనకట్ట ముప్పున్న లోయ కోసం ప్రకృతి పరిశీలకులు చేయవలసిన పని

ఆనకట్ట వస్తుందన్న వార్త వెలువడిన తరువాత లోయకు వెళ్ళి జీవరాశిని లెక్కించడం మొదలుపెడితే సమయం చాలదు. అందువల్ల, హైదరాబాదులో ఉంటూ సెలవుల్లో కృష్ణా, గోదావరి ఉపనదుల వెంట తిరిగే పక్షి ప్రేమికులు ఇప్పటినుంచే ఒక్క లోయను ఎంచుకొని, ఏడాది పొడవునా దాని వివరాలను నమోదు చేయాలి. ఈ పని మన నగరానికి కొత్త కాదు. 1931–32లో హైదరాబాద్ సంస్థానపు పక్షులను సర్వే చేసిన పక్షిశాస్త్రవేత్త సలీం అలీయే, దశాబ్దాల తరువాత కేరళలోని సైలెంట్ వ్యాలీ కోసం గళమెత్తారు. అక్కడి కుంతిపుళ నదిపై 1973లో ప్రణాళికా సంఘం ఆమోదించిన జలవిద్యుత్ ప్రాజెక్టు 1983లో ఆగిపోయి, మరుసటి ఏడాది ఆ అడవి జాతీయ ఉద్యానవనమైందంటే, సింహపు తోక కోతులపై శాస్త్రవేత్తలు సేకరించిన సమాచారమూ, దానిని వృక్షశాస్త్ర ఆచార్యుడు ఎం.కె. ప్రసాద్, ప్రజా విజ్ఞాన సంస్థ అయిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు సామాన్యులకు చేర్చిన తీరూ అందుకు ముఖ్య కారణాలు.

‘ఇక్కడ పక్షులు విరివిగా ఉన్నాయి’ అన్న వాక్యం ఏ అధికారినీ ఒప్పించదు. తేదీ, సమయం, జీపీఎస్ స్థానం, సంఖ్య, ఆ జీవి ఏం చేస్తోందన్నది ప్రతిసారీ రాయాలి. ఉదాహరణకు రివర్ టర్న్ అనే నదీ పక్షి ఏటి నడుమ ఇసుకమేటపై చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో ఎగువ నుంచి నీరు వదిలితే అవి కొట్టుకుపోతాయి. కాబట్టి ఆ గుంటను దూరం నుంచే ఫొటో తీసి, నీటిమట్టానికి అది సుమారు ఎంత ఎత్తులో ఉందో రాయండి. బండలపై చేప పొలుసులు కలిసిన నీటికుక్క మలం కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. చేపలు ఏ నెలలో ఎదురెక్కుతాయో జాలరులకే బాగా తెలుసు. వారి అనుమతితో, వారి మాటల్లోనే రాసుకోండి.

ప్రాజెక్టు ప్రతిపాదనల వివరాలు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. ముసాయిదా పర్యావరణ ప్రభావ నివేదికలో ముందుగా క్షేత్ర సర్వే ఏ నెలల్లో జరిగిందో చూడండి. ఒక్క వేసవిలోనే ముగించి ఉంటే, మీ వర్షాకాలపు నమోదులే అత్యంత బలమైన అభ్యంతరమని నా అభిప్రాయం.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన వెలువడాలి. సభ ప్రధానంగా స్థానిక ప్రభావితులది కనుక, నగరవాసులు తమ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి పంపి, రసీదు భద్రపరచుకోవాలి. మాట్లాడే అవకాశాన్ని మాత్రం ఇల్లూ పొలమూ మునిగేవారికే విడిచిపెట్టడం ధర్మం. సభ చివర కార్యవాహి సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలని నిబంధన ఉన్నందున, చెప్పిన అభ్యంతరం అందులో లేకపోతే అక్కడికక్కడే చేర్పించమని గ్రామస్థులకు ముందుగానే తెలియజేయండి.

అయినా ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వస్తే, 30 రోజుల్లోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనంలో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరో 60 రోజుల వరకు గడువు ఇవ్వగలదు.