డాక్సీసైక్లిన్ మంట: నాకు కుదిరిన పద్ధతి

ఉగాండా వైద్య శిబిరానికి వెళ్లే నాలుగు రోజుల ముందు, మలేరియా రాకుండా రోజుకు 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ మాత్ర మొదలుపెట్టా. రెండో రాత్రికే గుండెలో మంట, గుటక దిగదు. పరగడుపున, పడుకునే ముందు, గ్యాస్ మాత్రతో కలిపి... ఎట్లా వేసుకున్నా అదే తంతు.

కర్నూలులో మా సీనియర్ నర్సక్క ఒకటే అడిగింది: "నీళ్లెన్ని తాగుతాండావు?" ఒక్క గుక్క! మాత్ర అన్నవాహికలో (గొంతు నుంచి కడుపులోకి పోయే గొట్టంలో) అతుక్కుంటే పుండు పడుతుందంట.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక, నిలబడి, నిండు గ్లాసు నీళ్లతో మింగినా. తర్వాత గంటసేపు నడుం వాల్చలేదు. మజ్జిగ రెండు గంటలు ఆగినాకే. పాలూ మజ్జిగా మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మూడో రోజుకు మంట పోయింది. తిరిగొచ్చినాక 4 వారాలూ ఇట్లే వేసుకున్నా.

అల్సరున్నోళ్లకు ఇది చాలకపోవచ్చు, డాక్టరును అడగండి.