లెక్క తప్పని అబద్ధం
సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాయడం: 4వ పాఠం

పోయిన పాఠంలో మీ కథకి కావలసిన పెద్ద అబద్ధం ఒక్కటే ఎంచుకుని, దాన్ని ఒకే వాక్యంలో రాసి పెట్టుకోమన్నాను. "చనిపోయినవాళ్ళ నీడలు మాత్రం వారం రోజులు బతికే ఉంటాయి", "చంద్రుడి మీద పుట్టిన పిల్లలు భూమికి రాలేరు" లాంటిదేదో. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ్టి పని ఆ అబద్ధం చుట్టూ ఉండాల్సిన నిజాలతో.

ఒక్క అబద్ధం చెబితే పాఠకుడు కాదనడు. మిగతావన్నీ తనకి తెలిసిన లోకంలాగే నడవాలని మాత్రం ఆశిస్తాడు. నీడ బతికుందంటే నమ్మినవాడే, నడినెత్తిన ఎండ కాస్తుండగా ఆ నీడ బారెడు పొడవు సాగిందంటే పుస్తకం మూసేస్తాడు.

ముందు చిత్తు, తర్వాత వెతుకులాట

కొత్తగా రాసేవాళ్ళు చాలామంది ముందు చదివేసి తర్వాత రాద్దామనుకుంటారు. నేనూ అంతే. ఓడ మీద జరిగే కథ ఒకటి రాయాలని మూడు నెలలు తెరచాపల గురించి చదివాను. నోటుబుక్కు నిండింది. కథ నాలుగో పేజీలో ఆగిపోయింది. నా కథానాయకుడు ఆ ఓడ ఎందుకెక్కాడో నాకే తెలియదు మరి. చదువుతున్నంతసేపూ పని చేస్తున్నట్టే ఉంటుంది, అదే చిక్కు.

ఇప్పుడు చిత్తుప్రతి ఆపకుండా రాసేస్తాను. తెలియనిది తగిలినచోట బ్రాకెట్ పెట్టి ప్రశ్న రాసుకుని ముందుకి వెళ్ళిపోతాను: "[తొడ ఎముక విరిగినవాడు ఎన్నాళ్ళకి గుర్రం ఎక్కగలడు?]" చిత్తు అయ్యాక ఆ ప్రశ్నలన్నీ ఒకచోట రాసి, ఒక్కోదాని దగ్గర ఆగి చూస్తాను: జవాబు నేను అనుకున్నది కాకపోతే కథ మారుతుందా? అతను వారంలో గుర్రం ఎక్కేశాడని రాశాననుకోండి. తొడ ఎముక అతకడానికి నెలలు పడుతుంది. అంటే అతను ఆ యుద్ధానికి వెళ్ళలేడు, తమ్ముణ్ణి పంపాలి. ఇది కథని మార్చే ప్రశ్న, ముందు దీని సంగతి తేల్చుకోవాలి. గుర్రం జీను ఏ తోలుతో కుట్టారన్నది చివర్లో చూసుకోవచ్చు, చూసుకోకపోయినా కొంపలేం మునగవు.

ఎక్కడ వెతకాలి అంటే, నా మాట ఇది: ముందు పిల్లల కోసం రాసిన పుస్తకం ఒకటి చదవండి. విషయం మొత్తం ఆకారం అందులో తెలుస్తుంది. తర్వాత ఆ పని చేసినవాళ్ళ డైరీలు, ఉత్తరాలు, జ్ఞాపకాలు. చివరగా ఆ పని తెలిసిన మనిషి. ఆ మనిషి దగ్గరికి "మీ వృత్తి గురించి చెప్పండి" అంటూ వెళ్ళకండి. "ఈ పనిలో కొత్తవాళ్ళు మొదటిరోజు చేసే తప్పేమిటి?" అని అడగండి. దానికొచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

పదివేలమంది సైన్యం

"ఫాంటసీకి పరిశోధన దేనికి, అంతా మనం కల్పించిందే కదా" అనేవాళ్ళ కోసం ఒక లెక్క చేసి చూపిస్తాను. కాగితం, పెన్సిల్ తీసుకోండి.

మీ రాజు పదివేలమంది సైనికులతో బయల్దేరాడు. మధ్యలో పచ్చగడ్డి మొలవని బీడునేల, ఇరవై రోజుల నడక. మనిషికి రోజుకి కిలో ధాన్యం అనుకుందాం. రోజుకి 10 టన్నులు, ఇరవై రోజులకి 200 టన్నులు. బరువు మోసే గుర్రం సుమారు 100 కిలోలు మోస్తుంది. 200 టన్నులకి 2,000 గుర్రాలు. ఇంతవరకూ బాగానే ఉంది, రాజుగారి దగ్గర గుర్రాలకి కొదవలేదు.

కానీ గుర్రమూ తినాలి. దారిలో గడ్డి లేదు కనుక దాని మేత కూడా అదే మోసుకోవాలి. దాణా, ఎండుగడ్డి కలిపి రోజుకి 10 కిలోలు వేసుకోండి. పదో రోజుకి ఆ గుర్రం తన వీపు మీది 100 కిలోలూ తానే తినేసింది. సైనికుడికి గింజ మిగల్లేదు, ఇంకా పది రోజుల దారి ఉంది. ఇంకో రెండువేల గుర్రాలు కలిపితే? ప్రతి గుర్రం తన నోరు తాను వెంట తెచ్చుకుంటుంది. గుర్రాలు ఎన్ని పెంచినా ఆ బీడు దాటలేరు. నీళ్ళ మాట ఇంకా ఎత్తనేలేదు: ఒక్కో గుర్రం రోజుకి పాతిక ముప్పై లీటర్లు తాగుతుంది.

ఇక్కడ నీరసపడి "సర్లే, ఎవరు లెక్క చూస్తారు" అనుకోకండి. కథ పుట్టేది ఇక్కడే. రాజు నది వెంట చుట్టూ తిరిగి వెళ్ళాలి, అప్పుడు నదిని ఏలేవాడితో సంధి కావాలి. లేదా ముందే దారిలో ధాన్యం దాచి ఉంచాలి, అప్పుడు ఆ గాదెలు ఎక్కడున్నాయో తెలిసినవాడు ద్రోహి కావచ్చు. లేదా కోతల వేళకి బయల్దేరి, బీడు అంచున ఉన్న ఊళ్ళని దోచుకుంటూ పోవాలి. అప్పుడు మీ రాజు మంచివాడని నాలుగో అధ్యాయంలో రాసిన వాక్యం కొట్టేయాలి. అరగంట గుణకారాలకి మూడు కథలు దొరికాయి.

మీ సైన్యంలో డ్రాగన్లు కూడా ఉంటే వాటికి ఏం పెడతారో దేవుడికే తెలియాలి.

సైన్స్ ఫిక్షన్‌లో ఇదే పని ఇంకా కచ్చితంగా చేయొచ్చు. జూల్ వెర్న్ 1865లో ముగ్గురు మనుషుల్ని ఫిరంగి గుండులో కూచోబెట్టి చంద్రుడి వైపు పేల్చాడు. ఆయన లెక్కలు వేసుకునే రాశాడు: గుండుకి కావలసిన వేగం సెకనుకి 12,000 గజాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. భూమిని విడిచిపోవడానికి కావలసిన వేగం నిజంగానే అంతకి దగ్గర. ఫిరంగి గొట్టం పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. ఇప్పుడు మనం ఇంకొక్క మెట్టు ఎక్కుదాం. నిలకడ మీద నుంచి ఆ వేగం ఆ 274 మీటర్లలోనే రావాలి. వేగాన్ని వర్గం చేసి, గొట్టం పొడవుకి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది: భూమ్యాకర్షణకి సుమారు 22,500 రెట్లు. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 1,350 టన్నులు తూగుతాడు. లోపలివాళ్ళ సంగతి వెర్న్‌కి తట్టకపోలేదు. కుదుపు తగ్గడానికి నేల కింద నీళ్ళ పొర కూడా పెట్టాడు. అది చాలదు. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ నవల బతికే ఉంది, అది వేరే సంగతి. కానీ ఇవాళ మీరు అదే ఫిరంగి రాస్తే మిమ్మల్ని వదిలిపెట్టరు.

చంద్రుడితో నా పరువు పోయిన వైనం

నా మొదటి కథల్లో ఒకదాంట్లో అర్ధరాత్రి దొంగ గోడ దూకుతాడు. పైన సన్నటి నెలవంక. అందంగా ఉందనుకున్నాను. అచ్చయ్యాక ఒక పెద్దాయన ఉత్తరం రాశారు, ఒకటే వాక్యం: "విదియ చంద్రుడు పొద్దుగూకిన కాసేపటికే అస్తమిస్తాడు, మీ దొంగ నిద్రలేవకముందే."

నిజమే. నెలవంక సూర్యుడికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టే అంత సన్నగా కనిపిస్తుంది. అమావాస్య వెళ్ళాక సాయంత్రం పడమట కాసేపు, అమావాస్యకి ముందు తెల్లవారుజామున తూర్పున కాసేపు. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కనుక పొద్దు గుంకే వేళకి లేచి, అర్ధరాత్రికి ఆకాశంలో పైకొచ్చి, తెల్లవారుతుండగా దిగిపోతాడు. శుక్లపక్ష అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. మీ కథలో ఒకే చంద్రుడు ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంటే చాలు. ఇద్దరు చంద్రుళ్ళని పెట్టారా, వాళ్ళకి కథ మొత్తానికీ పంచాంగం రాసుకుని గోడకి అంటించుకోండి.

తెలిసి తప్పడం

లారీ నివెన్ 1970లో రాసిన 'రింగ్‌వరల్డ్' నవల మొదటి ముద్రణలో కథానాయకుడు తన పుట్టినరోజుని పొడిగించుకోవడానికి ఊరినుంచి ఊరికి క్షణంలో దూకుతూ పోతాడు, కానీ తూర్పు వైపుకి. అలా వెళితే రోజు తరిగిపోతుంది. తర్వాతి ముద్రణల్లో దిద్దుకున్నాడు. అంతకన్నా పెద్దది ఇంకొకటి బయటపడింది: నక్షత్రం చుట్టూ ఆయన కట్టిన బ్రహ్మాండమైన వలయం నిలకడగా ఉండదు, కొంచెం పక్కకి జరిగితే మెల్లగా వెళ్ళి నక్షత్రాన్ని ఢీకొంటుంది. పాఠకులే లెక్కగట్టి చెప్పారు. ఆయన దాన్నే పట్టుకుని, వలయాన్ని స్థానంలో నిలిపే ఇంజిన్ల చుట్టూ ఇంకో నవల రాశాడు. తప్పుని అంత లాభసాటిగా వాడుకున్న రచయిత నాకు ఇంకొకరు గుర్తుకురారు.

ఇవి తెలియక జరిగినవి. తెలిసి తప్పడం వేరు. ఆర్థర్ సి. క్లార్క్ 1979 నవలలో భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు కడతారు. దాని పై కొస భూమధ్యరేఖకి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే కక్ష్యని దాటి ఇంకా పైకి సాగాలి, కింది కొస భూమధ్యరేఖ మీదే ఉండాలి. ఆయన కథ పెట్టాలనుకున్నది తాను నివసించే శ్రీలంకలో. శ్రీలంకేమో భూమధ్యరేఖకి ఉత్తరాన ఉంది. ఏం చేశాడు? ద్వీపం పేరు మార్చి, దాన్ని 800 కిలోమీటర్లు దక్షిణానికి జరిపేశాడు! జరిపానని పుస్తకం చివర రాసిన మాటలో చెప్పేశాడు కూడా.

ఆండీ వియర్ తన అంగారకుడి నవలని తుపానుతో మొదలుపెట్టాడు. అంగారకుడి మీద గాలి ఎంత పలచనంటే, అక్కడ గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వీచినా ఇక్కడ 20 కిలోమీటర్ల గాలి తోసినట్టే ఉంటుంది. మనుషుల్ని ఎగరగొట్టడం దాని వల్ల కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. మొదటి దెబ్బ ప్రకృతే కొట్టాలని పంతం పట్టి తుపానునే ఉంచుకున్నాడు. మిగతా పుస్తకమంతా అంత జాగ్రత్తగా లెక్కగట్టాడు కనుకే ఆ ఒక్కటీ చెల్లింది. నియమం తెలిసి దాటినవాడి వాక్యంలో తొట్రుపాటు ఉండదు, అది పాఠకుడికి అందుతుంది.

చదివినదంతా ఎక్కడ పెట్టాలి

అసలు కష్టం ఇక్కడ. కష్టపడి తెలుసుకున్నది చెప్పకుండా ఉండలేం. కింది పేరా చూడండి:

"ఆ రోజు భూమికీ అంగారకుడికీ మధ్య దూరం 21.6 కోట్ల కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక సందేశం చేరడానికి 12 నిమిషాలు పడుతుంది. అందువల్ల రజని తన ప్రశ్నకి జవాబు కోసం 24 నిమిషాలు ఆగవలసి వచ్చింది."

తప్పేమీ లేదు, ప్రాణమూ లేదు. పాఠ్యపుస్తకంలో పేరాకి రజని పేరు తగిలించాం, అంతే. ఇప్పుడు ఇది:

"'నాన్నకెలా ఉందమ్మా?' అని అడిగి రజని మైకు ఆపేసింది. తొడుగులు విప్పి ఉతికింది. ఆరేసింది. మొక్కల తొట్లలో ఎండుటాకులు ఒక్కొక్కటీ ఏరింది. తెర మీద అమ్మ ఇంకా ఇందాకటి ప్రశ్నకే జవాబు చెబుతోంది, నవ్వుతూ: 'ఆ, తిన్నానే, నువ్వు తిన్నావా?' రజని ఆ నవ్వు వైపే చూస్తూ కూచుంది. నాన్న గురించి అడిగిన మాట అమ్మకి ఇంకా చేరలేదు."

అంకె ఒక్కటీ లేదు. కానీ 12 నిమిషాలన్న లెక్క వేయకుండా ఈ పేరా రాయలేం. ఉతకడం, ఆరేయడం, ఆకులు ఏరడం ఆ వ్యవధిలో సరిపోవాలి, అమ్మ నవ్వు పాత ప్రశ్నకే కావాలి. పరిశోధన పాత్ర చేతుల్లోకి, ఎదురుచూపులోకి వెళ్ళింది. దూరాన్నిబట్టి ఈ ఆలస్యం 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా మారుతుంది. మీరు ఇదే దృశ్యాన్ని 3 నిమిషాలతో రాసి చూడండి, ఆ తల్లీకూతుళ్ళ మధ్య వేరే మాటలు నడుస్తాయి.

అభ్యాసం

మీ ఒక్క వాక్యం అబద్ధం తీసుకోండి. దాని నుంచి అంకెతో జవాబు వచ్చే ప్రశ్న ఒకటి పుట్టించండి: ఎంత దూరం, ఎన్ని రోజులు, ఎంత తిండి, ఎంత బరువు, ఏదైనా సరే. జవాబు వెతికి లెక్క కట్టండి. మీరు అనుకున్నదానికి అది అడ్డొస్తే సంతోషించండి. ఆ అడ్డంకి తగిలిన పాత్ర ఏం చేస్తుందో ఒక పేజీ రాయండి, అంకె ఒక్కటీ వాడకుండా. లెక్క మాత్రం ఆ పేజీ వెనకవైపు ఉండాలి. వచ్చే పాఠంలో ముందు వెనకవైపే చూస్తాం.