ఒక బ్రాంచ్ పుష్ చేస్తే అన్నీ వెళ్లిపోతుంటే

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) ఒక్క బ్రాంచ్, అంటే ఒక్క మార్పుల శాఖ, సర్వర్‌కి పంపుదామని గిట్ పుష్ కొడితే, మన దగ్గరా సర్వర్‌లోనూ ఒకే పేరుతో ఉన్న బ్రాంచ్‌లన్నీ వెళ్లిపోయాయి. కారణం: పాత కాన్ఫిగ్ ఫైల్‌లో మిగిలిపోయిన ‘మ్యాచింగ్’ సెట్టింగ్. గిట్ 2.0 (2014) నుంచి డిఫాల్ట్ ‘సింపుల్’కి మారినా, ఫైల్‌లో రాసి ఉన్నదే చెల్లుతుంది. గిట్ కాన్ఫిగ్ కమాండ్‌కి షో-ఆరిజిన్ జతచేసి పుష్.డిఫాల్ట్ విలువ అడిగితే అది ఏ ఫైల్‌లో ఉందో చూపిస్తుంది. సింపుల్ పెట్టాక మనం ఉన్న బ్రాంచ్ ఒక్కటే వెళ్తుంది, అదీ అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జతగా పెట్టిన బ్రాంచ్) పేరు కలిస్తేనే.

ఆ వెంటనే కొత్త బ్రాంచ్‌లకి ‘అప్‌స్ట్రీమ్ లేదు’ అన్న ఎర్రర్ మొదలైంది. 2.37 లేదా తర్వాతి వెర్షన్ అయితే పుష్.ఆటోసెటప్‌రిమోట్‌ని ట్రూ చేస్తే చాలు.

అసలు ప్రమాదం రీబేస్ (మన కమిట్లను, అంటే సేవ్ చేసిన మార్పులను, కొత్త పునాది మీద తిరిగి పేర్చడం) తర్వాతి పుష్‌లో ఉంది. చరిత్ర మారిపోతుంది కాబట్టి సర్వర్ మామూలు పుష్‌ని ఒప్పుకోదు, బలవంతంగా (ఫోర్స్) పంపాలి. ఉత్త ఫోర్స్ ఇతరుల కమిట్లను తుడిచేస్తుంది కాబట్టి ఫోర్స్-విత్-లీజ్ పెట్టాను; సర్వర్‌లోని బ్రాంచ్ మనం చివరిగా చూసినట్టే ఉంటేనే అది పంపుతుంది. అయితే ఎడిటర్ వెనకాల తనంతట తానే ఫెచ్ చేస్తుంటే, అంటే సర్వర్‌లోని కొత్త మార్పులను తెచ్చుకుంటుంటే (కొన్ని ఎడిటర్లలో ఈ సదుపాయం ఉంది), సర్వర్‌లో చివరిగా చూసిన స్థితికి మన దగ్గరుండే గుర్తు మనకు తెలియకుండా ముందుకు జరిగి, ఆ లీజ్ ఉన్నా లేనట్టే. అలా తెచ్చిన మార్పులు మన బ్రాంచ్‌లో కలిశాయో లేదో చూసే, 2.30లో వచ్చిన ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్‌ని ఫోర్స్-విత్-లీజ్‌కి తోడుగా ఇవ్వాలి. ఒంటరిగా ఇస్తే అది ఏమీ చేయదు.