కారవాన్ తోక ఊపుతోందా? ముందు సామాన్ల చోటు మార్చండి

బెంగళూరులో కారు వెనక కారవాన్ (కారు లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించుకుని తిరుపతికో గండికోటకో బయల్దేరేవాళ్లకు ఎదురయ్యే తిప్పలు చాలావరకు మెకానిక్ షెడ్డులో తీరేవి కావు. సామాన్లు సర్దిన తీరులోనే వాటి మూలం ఉంటుంది. కింది లెక్కలన్నీ ఒకే యాక్సిల్ (ఇరుసు) ఉండి, సామాన్లతో కలిపి 1000 కిలోలు తూగే కారవాన్‌కు. యాక్సిల్ నుంచి హిచ్‌కు, అంటే కారుకు తగిలించే కారవాన్ ముక్కు కొసకు, దూరం 3.5 మీటర్లు. మీ బండికి టేపు పట్టి ఆ అంకెలు మార్చుకోండి.

సమస్య: వేగం 70 దాటితే కారవాన్ తోక ఊపుతోంది. పక్కనుంచి వోల్వో బస్సు దూసుకుపోతే మరీ ఎక్కువ.

కారణం: హిచ్ మీద కిందికి పడాల్సిన బరువు చాలడం లేదు, లేదా బండి వెనక కొసలో బరువు ఎక్కువైంది. యూరప్ తరహా కారవాన్లకు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం హిచ్ మీద పడాలి. మన లెక్కలో 50 నుంచి 70 కిలోలు. అమెరికా వీడియోల్లో చెప్పే 10–15 శాతం అక్కడి హిచ్‌లకు, అక్కడి పెద్ద బళ్లకు. అది విని చిన్న టో బార్ (కారు వెనక బిగించే లాగుడు కడ్డీ) మీద 130 కిలోలు మోపకండి. టో బార్ ప్లేటు, కారు మాన్యువల్, కారవాన్ హిచ్ మూడూ మూడు పరిమితులు చెబుతాయి. వాటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

పరిష్కారం: ముందు కొలవండి. బాత్రూంలో వాడే వెయింగ్ మెషిన్ చాలు. ప్రయాణానికి సర్దిన సామాన్లన్నీ లోపల ఉండగానే బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. హిచ్ మామూలుగా టో బాల్ (టో బార్ కొసనుండే ఉక్కు గుండు) మీద ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తు వచ్చేలా దిట్టమైన చెక్క ముక్క కోసి, మెషిన్ మీద నిలబెట్టి, దానిపై హిచ్ ఆనించి, జాకీ వీల్ (కారవాన్ ముక్కు కింద ఉండే చిన్న చక్రం) నేల నుంచి లేచేదాకా తిప్పండి. కనిపించే అంకెలోంచి చెక్క బరువు తీసేస్తే హిచ్ బరువు. దీనికోసం హొసకోటె వైపు లారీల వే బ్రిడ్జికి వెళ్లడం దండగ. అవి 5, 10 కిలోల మెట్లలోనే చూపిస్తాయి. మొత్తం బరువు తెలుసుకోవాలంటే మాత్రం అక్కడికే వెళ్లాలి.

ఇక సర్దుబాటు. వస్తువు బరువును యాక్సిల్ నుంచి దాని దూరంతో గుణించి 3.5తో భాగించండి. యాక్సిల్‌కు ముందుంటే హిచ్ బరువుకు అంత కలుస్తుంది, వెనకుంటే అంత తగ్గుతుంది. యాక్సిల్‌కు 1.4 మీటర్ల వెనక, మంచం కింద పెట్టిన 25 కిలోల బియ్యం బస్తా హిచ్ మీద 10 కిలోలు తగ్గిస్తుంది. దాన్ని సరిగ్గా యాక్సిల్ మీదికి జరిపితే ఆ 10 తిరిగొస్తాయి. వెనక స్టాండు మీద రెండు సైకిళ్లు, అంటే సుమారు 30 కిలోలు, యాక్సిల్‌కు 2.5 మీటర్ల దూరంలో వేలాడుతుంటే 21 కిలోలకు పైగా తగ్గినట్టే. సైకిళ్లు కారు మీదికి ఎక్కించండి.

చాలామంది తప్పేది ఇక్కడే. వెనక 30 కిలోలు ఉన్నాయని ముందు కొసన మరో 30 పెట్టి తూగుబల్లలా సరిచేస్తారు. హిచ్ అంకె బాగానే వస్తుంది, ఊపు మాత్రం పోదు. పక్కకు ఊగే బండిని ఆపడం ఎంత కష్టమో నిర్ణయించేది దూరపు వర్గం. యాక్సిల్‌కు 2 మీటర్ల దూరంలో ఉన్న బరువును అర మీటరుకు తెస్తే ఆ కష్టం 16వ వంతుకు పడిపోతుంది. ఇనుప పెనాలు, గ్రైండరు, పప్పుల డబ్బాలు, టూల్ బాక్సు అన్నీ నేల మట్టాన, యాక్సిల్‌కు అటూ ఇటూ మూరెడు లోపలే ఉండాలి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు, అప్పడాల ప్యాకెట్లు తప్ప ఇంకేమీ వద్దు. స్టెబిలైజర్ (హిచ్ దగ్గర ఊపును అణిచే పరికరం) కొనడం ఇదంతా అయ్యాకే. ఒకవేళ రాపిడి ప్యాడ్ల రకం పెట్టించుకుంటే టో బాల్ మీద గ్రీజు చుక్క కూడా ఉండకూడదు.

దారిలో ఊపు మొదలైతే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ నేరుగా పట్టుకోండి. ఊపుకు ఎదురు తిప్పొద్దు, బ్రేకు గట్టిగా తొక్కొద్దు. వేగం పెంచితే బండి సాగి నిటారవుతుందనే సలహా ప్రాణాంతకం.

సమస్య: కారు వెనక కుంగింది, హెడ్‌లైట్లు పైకి చూస్తున్నాయి, స్టీరింగ్ తేలికైపోయింది.

కారణం: హిచ్ మీద అతి బరువు, దానికి తోడు నిండిన డిక్కీ. వెనక చక్రాల నుంచి మీటరు దూరంలో టో బాల్, ముందు వెనక చక్రాల మధ్య 2.7 మీటర్లు ఉన్న కారుకు హిచ్ మీద 75 కిలోలు పడితే వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 103. ముందు చక్రాల మీద 28 కిలోలు తగ్గుతాయి. వానలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

పరిష్కారం: ముందు పెట్టెలో గ్యాస్ సిలిండర్ చూడండి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ నిండుగా ఉంటే ఇనుముతో కలిపి 30 కిలోల దరిదాపు. యాక్సిల్‌కు 3 మీటర్ల ముందుంటే హిచ్ మీద సుమారు 26 కిలోలు వేస్తుంది. బదులుగా 5 కిలోల సిలిండర్ పెట్టండి. బరువు సర్దడానికని సిలిండర్‌ను గదిలోకి మాత్రం తేకండి. గాలి ఆడే ఆ పెట్టెలో నిలువుగానే ఉండాలి. తగిలించాక పక్కనుంచి చూస్తే కారవాన్ చదునుగా, లేదా ముక్కు కాస్త కిందికి ఉండాలి. ముక్కు పైకి లేచి ఉంటే మళ్లీ ఊపు సమస్యకే వస్తారు.

సమస్య: వెళ్లేటప్పుడు బాగానే ఉంది, వచ్చేటప్పుడు ఊగుతోంది.

నీళ్లే కారణం. లీటరంటే కిలో. ముందు ట్యాంకు ఖాళీ అవుతూ వెనక వాడిన నీళ్ల ట్యాంకు నిండితే బరువు మొత్తం వెనక్కి చేరుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు తొణికి ఆ ఊపును ఇంకా పెంచుతాయి. వాడిన నీళ్లు బయల్దేరేముందే సరైన చోట పారబోయండి, మంచినీళ్లు చేరిన ఊళ్లో నింపుకోండి. దారికి 20 లీటర్ల క్యాన్ ఒకటి, యాక్సిల్ దగ్గర, కదలకుండా బెల్టుతో కట్టి ఉంచితే చాలు.

సమస్య: బండి ఒక పక్కకు ఒరిగింది, ఆ వైపు టైరు వేడెక్కుతోంది.

ముందు రెండు టైర్లలో గాలి ప్లేటు మీద చెప్పినంత, చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. తర్వాత రెండు వైపులా నేల నుంచి చక్రం పైనున్న బాడీ అంచు దాకా ఎత్తు కొలవండి. ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోల పైన తూగుతుంది. ఫ్రిజ్, స్టవ్, బ్యాటరీ అన్నీ ఒకే వైపు ఉంటే ఒరగక ఏం చేస్తుంది? బ్యాటరీ అవతలి వైపుకు, యాక్సిల్ పక్కనే, గట్టి బిగింపుతో మార్పించండి. బండి ఒరగకుండా ఒక చక్రం హబ్ మాత్రమే వేడెక్కితే అది బేరింగు లేదా పట్టేసిన బ్రేకు, మెకానిక్ పని. టైరు మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ఏడేళ్లు దాటనివ్వకండి.

సమస్య: పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతుంటే కారవాన్ కారును నెడుతోంది.

మొత్తం బరువే ఎక్కువ. కారు ఖాళీ బరువులో కారవాన్ 85 శాతం దాటకపోతే మంచిది. 1000 కిలోలకు దాదాపు 1180 కిలోల కారు ఉండాలి. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించండి. కారవాన్ బ్రేకులు ఏడాదికోసారి సర్దించండి.

సమస్య: హంపు ఎక్కిన ప్రతిసారీ హిచ్ దగ్గర టక్కుమని చప్పుడు.

హిచ్ పూర్తిగా కూర్చోలేదు, లేదా టో బాల్ అరిగింది. తగిలించాక జాకీ వీల్‌తో కొద్దిగా పైకి లేపి చూడండి: కారు వెనక భాగం కూడా లేస్తేనే లాక్ పడినట్టు. లాక్ సరిగ్గా ఉన్నా చప్పుడు వస్తుంటే వెర్నియర్ (మందం కొలిచే స్కేలు)తో బాల్‌ను నాలుగు చోట్ల కొలవండి. 50 మిల్లీమీటర్లది ఏ ఒక్క చోటైనా 49కి దిగితే కొత్తది బిగించండి.