ఇర్రి ముఖం నల్లగానే ఉండాలి: కృష్ణజింక పోర్ట్రెయిట్ తీసే పద్ధతి

నందికొట్కూరులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీయడం నా పని. ముహూర్తాలు లేని రోజుల్లో తెల్లవారకముందే రోళ్లపాడు వైపు బయలుదేరతాను. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. ఆ పిట్ట కనబడడం ఇప్పుడు గగనమైపోయింది. కృష్ణజింకలు మాత్రం ఆ గడ్డిలోనూ, చుట్టుపక్కల చేలలోనూ తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో మగదాన్ని ఇర్రి అంటాం, ఆడదాన్ని లేడి.

నేను తీసిన మొదటి మంచి ఫోటోను ప్రింటు వేయించి, అక్కడే జొన్న వేసే ఒక రైతుకు చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఇది ఇర్రేనా అబ్బా? బూడిద పూసినట్టుందే" అన్నాడు. నిజమే. పెళ్లికూతురి ముఖానికి చేసినట్టే దానికీ నీడలన్నీ ఎత్తేసి వెలుగు నింపాను. నల్లటి ఇర్రి కాస్తా బూడిదరంగుకు తిరిగింది. ఆ రోజు నుంచి నా పద్ధతంతా మార్చుకున్నాను.

ముందు కాలం చూసుకోవాలి. వానలు వెనకబట్టాక మగ జింక ఒంటి రంగు ముదురుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో కాటుక రాసినట్టుంటుంది. ఎండలు ముదిరేసరికి గోధుమరంగులోకి వచ్చేస్తుంది. లేడికైతే ఏడాది పొడుగునా లేత గోధుమ రంగే, సాధారణంగా కొమ్ములుండవు. పోర్ట్రెయిట్‌కు లేడి తక్కువేమీ కాదు, దాని కళ్లు ఇంకా బాగా కనబడతాయి.

దగ్గరికి వెళ్లే పని పెట్టుకోకండి, దాన్నే రానివ్వండి. ఇర్రి తన హద్దు చూపడానికి ఒకే చోట మళ్లీ మళ్లీ పెంటికలు వేస్తుంది. కంటి ముందున్న గ్రంథిని గడ్డిపరకలకు రాస్తుంది. ఆ పెంటికల కుప్ప కనబడితే దానికి 40, 50 మీటర్ల దూరంలో, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాకు 150-600 మి.మీ. జూమ్ తగిలించి 600 దగ్గర పెడితే, ఆ దూరంలో మెడ, కొమ్ములు ఫ్రేము నిండా వస్తాయి. లోపలికి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. చేనులోనైతే రైతును అడిగి, గట్టు మీదే కూర్చోండి. జింకల వల్ల పంట పోయే మనిషి ఆయన, మన కాళ్ల కింద కూడా పోగొట్టకూడదు. నడిచొచ్చే మనిషిని చూస్తే జింకలు పారిపోతాయి, ఆగి ఉన్న జీపును అంతగా పట్టించుకోవు. జీపులోంచి తీస్తే ఇంజను ఆపేసి, జొన్నలు నింపిన గుడ్డసంచి కిటికీ మీద వేసి లెన్స్ దాని మీద ఆనించండి. మంద తలలెత్తి మీ వైపే చూస్తూ ఉంటే ఇంక కదలకండి. గంతులు మొదలయ్యాయంటే ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి. గడ్డిలో ముడుచుకున్న పిల్ల కనబడితే ఫోటో కూడా వద్దు, అక్కణ్నుంచి తప్పుకోండి. తల్లి దూరంగా మేస్తూ ఉంటుంది.

ఎక్స్‌పోజర్ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. నల్లటి ముఖం ఫ్రేము నింపితే కెమెరా చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, కంటి చుట్టూ ఉన్న తెల్లటి వలయం సున్నం కొట్టినట్టు పోతుంది. అదే ఇర్రి చిన్నగా ఉండి చుట్టూ ఎండుగడ్డి మెరుస్తుంటే కెమెరా తగ్గించేస్తుంది, కన్ను మాయమవుతుంది. అందుకే నేను మాన్యువల్‌లోనే ఉంటాను. వెలుగు మరీ ఎక్కువైన చోట స్క్రీన్ మీద కనబడే జీబ్రా గీతలు ఆన్ చేసి, ఆ తెల్ల వలయం మీద గీతలు మొదలయ్యే దాకా వెలుగు పెంచి, అక్కణ్నుంచి కొంచెం తగ్గిస్తాను. షటర్ 1/1000, ఎఫ్ 6.3 కదపను, వెలుగు పెంచడం తగ్గించడం ఐఎస్ఓతోనే, అది ఎంతకు వెళ్లినా సరే. రా ఫైల్ (కెమెరా మార్పులేమీ చేయని ఫైల్) తప్పనిసరి. ఫోకస్ నల్లటి కంటి మీద ఆగకపోతే చిన్న పాయింటును ఆ తెల్ల వలయం అంచున పెట్టండి, పట్టుకుంటుంది.

కంట్లో వెలుగు చుక్క ఉండాలి. అది లేకపోతే ఎంత మంచి కొమ్ములున్నా ముఖం చచ్చిపోయినట్టుంటుంది. సూర్యుడు కిందికి ఉన్న మొదటి గంటలోనే అది దొరుకుతుంది. ఎండ ఎక్కాక నేల మీంచి ఆవిరి లేచినట్టు గాలి వణుకుతుంది. ఆ వణుకు ఫోటోలోకి వచ్చిందంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. కెమెరా సర్దేసుకోండి.

ఇంటికొచ్చాక లైట్‌రూమ్‌లో (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) నేను చేసేది తక్కువ. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఉదయపు పసుపు వెలుగు పోతుంది. 5200, 5500 కెల్విన్ మధ్య పెట్టి, గడ్డం కింది తెలుపు చూసి సరిచేస్తాను. హైలైట్స్ 40 దాకా తగ్గిస్తాను. షాడోస్ 20 దాటనివ్వను. కన్ను ఒక్కదానికే మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ 0.3 పెంచుతాను. బ్లాక్స్‌ను ముట్టుకోను. ఫోటోలోని గరుకు చుక్కలు తీసే డీనాయిస్ గట్టిగా వేస్తే మెడ మీది వెంట్రుక ప్లాస్టిక్‌లా తయారవుతుంది, కొమ్ము మీది కణుపులు నునుపుదేలతాయి. అవి కనబడుతున్న చోటే ఆపేయాలి. కొంచెం గరుకు మిగిలితే మిగలనీయండి.

కంటి ముందు ఒక నల్లటి చీలిక కనబడుతుంది. మచ్చ అనుకుని చెరిపేయకండి. పెళ్లి ఆల్బమ్‌లలో మొటిమలు తీసేసే అలవాటు కొద్దీ ఒకసారి నేనలా చెరిపేశాను. గడ్డికి రాస్తుందని పైన చెప్పిన గ్రంథి అదే. అది లేని ముఖం ఇర్రి ముఖం కాదు. ముఖానికి అడ్డంగా వచ్చిన గడ్డిపరకనూ నేను తీయను.

క్రాపులో మెలితిరిగిన కొమ్ముల కొనలపైన ఖాళీ వదలండి. నిలువు ఫ్రేము బాగా కుదురుతుంది. అది చూస్తున్న వైపు కాస్త ఎక్కువ చోటివ్వండి.

ఎక్కడైనా పెట్టేముందు ఫైల్‌లోంచి లొకేషన్ తీసేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నా కృష్ణజింకకు వేటగాళ్ల బెడద ఉంది, మన ఫోటో వాళ్లకు దారి చూపకూడదు. ప్రింటుకైతే మాట్ పేపర్ తీసుకోండి. స్క్రీన్ వెలుగు బాగా తగ్గించి చూసి, అప్పుడే ల్యాబ్‌కు పంపండి. లేదంటే ప్రింటు అనుకున్నదానికన్నా చీకటిగా వస్తుంది. కిందటి డిసెంబరులో తీసిన ఇర్రిని 12 బై 18 సైజులో వేయించి ఆ రైతుకే ఇచ్చాను. పశువుల కొట్టం గోడకు మేకు కొట్టి తగిలించాడు.