బీఈడీ కాలేజీ ఎంచుకునే ముందు మెట్లు లెక్కపెట్టండి

నాకు కుడికాలు పోలియో. కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్ వేసుకుని, చేతికర్రతో నడుస్తాను. 2016లో ఒక బీఈడీ కాలేజీ గేటు దగ్గర ర్యాంపు చూసి మురిసిపోయి, వెబ్ ఆప్షన్లలో దాన్నే మొదట పెట్టాను. చేరాక తెలిసింది, ఆ ర్యాంపు ఆఫీసు వరండా దాకానేనని. సోషల్ ఎలా చెప్పాలో నేర్పే మెథడాలజీ క్లాసు రెండో అంతస్తులో. 38 మెట్లు. రెయిలింగు ఒకవైపే. దిగేటప్పుడు అది సరిగ్గా నా కర్ర పట్టుకున్న చేతివైపు వచ్చేది.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అక్కా, ఏ కాలేజీ పెట్టమంటావు?" అంటే, ముందు నేనడిగేది ఏ తరగతులకు చెప్పాలనుకుంటున్నావని. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పడానికి బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ చిన్న తరగతుల టీచరు, అంటే ఎస్‌జీటీ కావాలంటే డీసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి డీఈఎల్ఈడీ అనే టీచర్ ట్రైనింగ్ కోర్సు చెయ్యాలి. నాలా స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో సబ్జెక్టు టీచరు అవ్వాలంటే ఎడ్‌సెట్ ప్రవేశపరీక్ష, బీఈడీ, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష.

దూరవిద్యలో ఇంట్లో కూర్చుని చేసేద్దామని చాలామందికి ఆశ. ఇగ్నోలో, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఈడీ ఉంది గానీ, మామూలు బీఈడీ అయితే ఇప్పటికే టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లకే. వట్టి డిగ్రీతో కుదరదు. పైగా వర్క్‌షాపులు, ఇంటర్న్‌షిప్ అక్కడా తప్పవు. "మీరు రానక్కర్లేదు, రికార్డులు మేమే రాయిస్తాం" అనే కాలేజీల జోలికి పోకండి. అక్కడ ర్యాంపు లేకపోయినా ఎవరికీ తెలియదు, వచ్చేవాళ్లుంటేగా!

కాలేజీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాక, ఒకరోజు స్వయంగా వెళ్లండి. క్లాసు రూము, లైబ్రరీ, బాత్రూము, ఈ మూడింటికీ మీ కాళ్లతో నడిచి చూడండి. బాత్రూము తలుపుకు తాళం ఉంటే తీయించి మరీ చూడండి. మొహమాటపడితే రెండేళ్లు నీళ్లు తాగడం మానుకోవాల్సొస్తుంది. నేను మానుకున్నాను.

అందరూ మరిచిపోయేది టీచింగ్ ప్రాక్టీస్ బడి. రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడిలోనే గడుస్తాయి, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి. ఏ బడులకు పంపుతారో చేరకముందే అడగండి. నాకిచ్చిన బడి బస్టాండుకు రెండు కిలోమీటర్లు. క్లాసంతా నిలబడలేక, ముందురోజు రాత్రే మ్యాపు చార్టు మీద గీసుకుని, స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పేదాన్ని. చూడటానికొచ్చిన లెక్చరర్ నల్లబల్ల వాడలేదని మార్కులు కోయబోతే, హెడ్మాస్టరు గారే సర్ది చెప్పారు. ఇలాంటివి మొదటి వారమే మాట్లాడుకోవాలి.

సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు మనవి. కౌన్సెలింగ్‌కు ముందే సదరం (వైకల్య ధ్రువీకరణ) కాగితాలు సిద్ధం చేసుకోండి.

పరీక్ష గది కింది అంతస్తులో కావాలంటే రాతపూర్వకంగా అడిగి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నేను మొదటిసారి నోటిమాటగా చెప్పి, మూడో అంతస్తులో రాశాను. రెండోసారి ఉత్తరం ఇచ్చాను. కింద స్టాఫ్ రూములో బీరువా పక్కన బెంచీ వేయించారు.