కుక్క పెంట తీయడం: నేల మీద నుంచి చివరి చోటు దాకా

కుక్కను తిప్పేటప్పుడు చేతిలో కవర్ పట్టుకునే వాళ్లు మన కాలనీల్లో ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. తీశాక ఏం చేస్తున్నారన్న దగ్గరే లెక్క తప్పుతోంది. ముడి వేసిన కవర్‌ని కాలువలో జారవిడిచినా, పక్క ఖాళీ ప్లాటులోకి విసిరినా, తడిచెత్త బుట్టలో కూరగాయల తొక్కల మీద పడేసినా అది మళ్లీ ఎవరో ఒకరి చేతికి వస్తుంది. చెత్త ఆటో దగ్గర కవర్లు విప్పి తడి, పొడి వేరు చేసే మనిషి చేతికి చాలాసార్లు గ్లవుజులు ఉండవు. కాబట్టి నియమం ఒక్కటే: మీ కుక్క పెంట నేల మీద నుంచి చివరి చోటికి చేరేదాకా మీరు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకునే అవసరం రాకూడదు. కింద చెప్పే పద్ధతులన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

అక్కడికక్కడే ఎందుకు తీయాలి

"ఎండిపోతుందిలే", "వానకు కొట్టుకుపోతుందిలే", "పేడ లాంటిదే కదా, ఎరువవుతుంది" అని మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. మూడూ తప్పే. గడ్డి తినే పశువు పేడ వేరు, మాంసం, గుడ్డు, అన్నం తినే కుక్క మలం వేరు. కుక్క పేగుల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మలంతో బయటికొస్తాయి. బయటపడిన వెంటనే వాటికి సోకే శక్తి ఉండదు. మట్టిలో సుమారు రెండు నుంచి నాలుగు వారాలు ఉంటే గుడ్డు లోపల లార్వా తయారై అప్పుడు ప్రమాదకరమవుతుంది. పైన కనిపించే మలం ఎండి పొడైపోయినా గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆ మట్టిలోనే బతికుంటాయి. మట్టిలో ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లలకు సోకేది అలాగే. తాజాగా ఉండగానే తీసేస్తే ఆ గొలుసు మొదట్లోనే తెగిపోతుంది.

కుక్క పేగుల్లో ఉండే ఇంకో పురుగు, కొంకిపురుగు (హుక్‌వార్మ్), ఇంకా తొందరగా తయారవుతుంది. వెచ్చగా, తడిగా ఉన్న నేలలో ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి, వారం పది రోజుల్లోపే లార్వా చర్మంలోంచి దూరగలిగే దశకు వస్తుంది. ఒట్టికాళ్లతో నడిచిన వాళ్ల పాదాల మీద వంకర టింకర గీతల్లా ఎర్రటి దద్దు లేచి విపరీతంగా దురద పెడుతుంది. వానాకాలం పార్కు గడ్డి, విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట్ల నీడపట్టున ఉండే తడి ఇసుక దీనికి అనువైన చోట్లు. ఇక పార్వో వైరస్ సంగతి కుక్కలు పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు. జబ్బుపడిన కుక్క మలం ద్వారా నేలకు చేరి నెలల పాటు అక్కడే ఉంటుంది, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను పట్టేస్తుంది.

వాన దేన్నీ శుభ్రం చేయదు. ఒకచోట ఉన్నదాన్ని కరిగించి కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి, చెరువులోకి పంపుతుంది, అంతే.

బయల్దేరే ముందు

సమయం చూసుకోవడం సగం పని. చాలా కుక్కలకు తిన్న పావుగంట నుంచి అరగంటలోపు కడుపు కదులుతుంది. పొద్దున్న తిండి పెట్టి పది నిమిషాలాగి బయల్దేరితే ఎక్కడ కూర్చుంటుందో కొద్దిరోజుల్లోనే మీకు అంచనా వచ్చేస్తుంది. రోజూ ఒకే మూలకు తీసుకెళ్లి, కూర్చోగానే "కానివ్వు" లాంటి ఒకే మాట అనండి. పని అయిన మరుక్షణం చిన్న బిస్కెట్ ముక్క పెట్టండి. అయిపోగానే ఇంటికి లాక్కొచ్చే అలవాటు మాత్రం వద్దు. కూర్చుంటే షికారు ముగిసిపోతుందని కుక్క కనిపెట్టి, ఆపుకొని ఆపుకొని చివరికి లిఫ్ట్ ముందు కానిస్తుంది.

జేబులో ఉండాల్సినవి: రెండు కవర్లు, అదనంగా ఇంకొకటి, నాలుగు మడతలు వేసిన ఒక పూర్తి దినపత్రిక షీటు, పోస్టుకార్డంత అట్టముక్కలు రెండు, అరలీటరు నీళ్ల సీసా, చిన్న పొట్లంలో గుప్పెడు పొడి ఇసుక, రంపపు పొట్టు లేదా చల్లారిన కట్టెబూడిద. చీకటి వేళ టార్చ్. ఫోన్ లైటు చాలదు, ఒక చేతిలో లీష్, ఇంకో చేతిలో కవర్ ఉన్నప్పుడు ఫోన్ పట్టుకోవడం కుదరదు. తలకు కట్టుకునే టార్చ్ ఉత్తమం.

కవర్ ఏదైనా సరే, అరచేయి, మణికట్టు దాటి పైకి రావాలి. సుమారు 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉంటే లాబ్రడార్ స్థాయి కుక్కకు సరిపోతుంది. కొత్త రోలు కొన్నప్పుడు ఒక కవర్‌లో గాలి ఊది, మూతి బిగించి నొక్కి చూడండి. అడుగు అతుకు దగ్గర గాలి కారితే ఆ రోలు పనికిరాదు. మట్టిలో కలిసిపోతుందని అమ్మే కవర్ల మీద ఐఎస్ 17088 (కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు ఉన్న ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి. ఇవి వేడికి, తేమకు పాడవుతాయి కాబట్టి ఏడాదికి సరిపడా ఒకేసారి కొని బీరువాలో పెడితే పట్టుకోగానే చిరిగే స్థితికి వస్తాయి. డంపింగ్ యార్డులో పడితే అవి కూడా త్వరగా కరగవు. అందుకని ముందే ఇంట్లో ఉన్నవి వాడటం మేలు: బ్రెడ్ కవర్లు, కొరియర్ కవర్లు, పైన అడ్డంగా కత్తిరించి కడిగిన లీటరు పాలకవర్లు. పాలకవర్ మందంగా ఉంటుంది, కారదు.

తీసే విధానం

నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం, తోక ఎత్తడం, వీపు వంచడం, ఈ వరుసలో సంకేతాలు వస్తాయి. ఎవరి గుమ్మం ముందో ముగ్గు మీద తిరగడం మొదలెడితే అప్పుడే పక్కకు తీసుకెళ్లండి. వీపు వంచి కూర్చున్నాక లాగకండి. లాగితే నాలుగడుగుల పొడవునా పడుతుంది, మీ పని నాలుగింతలవుతుంది.

అయిపోయాక లీష్ పిడిని మోచేతి మీదికి జరుపుకొని, కొంచెం వదులుంచి, లీష్‌ని పాదం కింద తొక్కిపట్టండి. పిల్లి కనిపించి కుక్క దూకినా మీరు ముందుకు పడరు. కవర్‌లోకి చేయి పెట్టి గ్లవుజులా తొడుక్కోండి. పైనుంచి పట్టుకుంటే నలిగి నేలకు అంటుకుంటుంది, అందుకే వేళ్లను రెండు పక్కల నుంచి అడుగుకు పోనిచ్చి ఎత్తండి. గడ్డిలో అయితే అంటుకున్న నాలుగు గడ్డిపోచలతో సహా, మట్టిలో అయితే కింద పొరతో సహా తీయాలి. రెండో చేత్తో కవర్ అంచు పట్టి తిరగేసి, గాలి నొక్కేసి, మెలితిప్పి ముడి వేయండి. కదలకముందు ఓసారి చుట్టూ చూడండి. చాలా కుక్కలు సగం ఒకచోట, రెండు మూడు అడుగులు వేసి మిగతా సగం ఇంకోచోట కానిస్తాయి. రెండోది వదిలేసి వెళ్లడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

దినపత్రిక పద్ధతి నెమ్మదైన కుక్కలకు బాగా కుదురుతుంది. వీపు వంచగానే వెనక నుంచి షీటు కిందికి జరపాలి. అన్నీ కాగితం మీదే పడతాయి, నేల అంటదు. నాలుగు మూలలూ లోపలికి మడిచి పొట్లం కట్టి కవర్లో పెట్టుకుంటే సరి. బెదురు కుక్కకు కాగితం చప్పుడు పడదు, మధ్యలో లేచిపోతుంది. దానికి కవరే నయం.

విరేచనం అయినప్పుడు కవర్‌తో గీకితే ఇంకా పులుముకుంటుంది. పొట్లంలోని ఇసుకో, రంపపు పొట్టో దాని మీద చల్లి ఒక నిమిషం ఆగండి. తడి పీల్చుకుని ముద్దగా అవుతుంది. ఒక అట్టముక్క నేలకు ఆనించి, రెండోదాంతో దాని మీదికి తోసి, అట్టలతో సహా కవర్లో వేయండి. మిగిలిన మరక మీద సీసాలో నీళ్లు సగం పోయండి. ముందే నీళ్లు పోస్తే మాత్రం అది వీధంతా పారుతుంది.

కట్టుబడి జరుగుతున్న ఇళ్ల ముందు పోసిన ఇసుక కుప్పల మీదికి కుక్కను అస్సలు వెళ్లనివ్వకండి. తవ్వడానికి మెత్తగా ఉంటుంది కాబట్టి కుక్కలకు ఆ చోటంటే మహా ఇష్టం. అదే కుప్ప మీద సాయంత్రం పిల్లలు ఆడతారు. తెల్లారి కూలీలు ఒట్టి చేతులతో, ఒట్టికాళ్లతో ఆ ఇసుకనే జల్లెడ పట్టి సిమెంటు కలుపుతారు. పొరపాటున అక్కడ కూర్చుంటే పైది మాత్రమే తీయడం చాలదు. చుట్టూ జానెడు మేర, నాలుగు వేళ్ల లోతు ఇసుకతో సహా ఎత్తేయండి.

ఉచ్చ విషయం చిన్నది కాదు, గొడవలు ఎక్కువగా దాని మీదే. గేట్లు, బండి టైర్లు, దుకాణం షట్టర్లు, తులసికోట దగ్గరికి వెళ్లే దారిలో లీష్ పొట్టిగా పట్టుకోండి. పోసేస్తే సీసాలో నీళ్లు వెంటనే కుమ్మరించండి.

చివరి చోటు

అన్నిటికన్నా మంచి చోటు మీ ఇంటి కమోడ్. కవర్ విప్పి మలం మాత్రం అందులో వేసి ఫ్లష్ చేయండి. కవర్, దినపత్రిక, గడ్డి, రాళ్లు, ఇసుక వేయకండి, "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్న కవర్ అయినా వేయకండి, పైపు పూడుకుపోతుంది. ఖాళీ కవర్‌ని ఇంకో కాగితంలో చుట్టి, డైపర్లు వేసే శానిటరీ చెత్తలో వేయాలి. ఇంటి దాకా మోసుకురావడానికి మొహమాటపడేవాళ్లు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుంటే వాసన రాదు.

కమోడ్‌లో వేయడం కుదరకపోతే రెండు కవర్లు, రెండు ముళ్లు, పైన కాగితం చుట్టి మార్కర్‌తో పెద్ద గుర్తు వేసి శానిటరీ చెత్తగా విడిగా ఇవ్వండి. ఆటో మనిషికి అందులో ఏముందో ఒక్క ముక్క చెప్పండి. తడిచెత్తలో ఎందుకు వద్దంటే, తడిచెత్త కంపోస్టుకు వెళ్తుంది. కుప్ప సరిగ్గా వేడెక్కకపోతే పురుగుల గుడ్లు చావవు.

సొంత ఇల్లు, పెరడు ఉన్నవాళ్లు గొయ్యి తీసుకోవచ్చు. అడుగు తీసేసిన పాత బకెట్‌ని అంచు నేలకు సమంగా వచ్చేలా పాతి, బిగువైన మూత పెట్టాలి. వేసినప్పుడల్లా రెండు గుప్పెళ్ల పొడి మట్టి కప్పాలి. నిండాక మూసేసి ఇంకోచోట మొదలెట్టాలి. బావికి, బోరుకు దూరంగా, వాన నీళ్లు నిలవని ఎత్తు చోట ఉండాలి. ఆ మట్టిని కరివేపాకు, టమాటా, ఆకుకూరల మడులకు ఎప్పటికీ వాడొద్దు.

అపార్ట్‌మెంట్‌లో

2015లో జంతు సంక్షేమ మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కుక్కలను పెంచుకోవద్దనో, లిఫ్ట్ ఎక్కించొద్దనో అసోసియేషన్లు నిషేధించడం కుదరదు. పెంపుడు కుక్కల వెనక శుభ్రం చేయాలని యజమానులకు కూడా అందులోనే సూచించారు. మొదటిదే పట్టుకుని మీటింగులో వాదించి రెండోది వదిలేస్తే ఇరుగుపొరుగు మీ మాట వినరు. ఒక మూల పాదంతో తెరిచే మూత డబ్బా, పక్కన కుళాయి పెట్టించండి. ఆ డబ్బాని రోజూ ఖాళీ చేయాల్సిందే. ఎండాకాలంలో ఈగ గుడ్లు ఒక్క రోజులోనే పగిలి పురుగులవుతాయి. ఖాళీ చేసే పని కుక్కలున్న ఇళ్లవాళ్లు వంతులు వేసుకోవాలి, వాచ్‌మన్ మీదికి తోయకూడదు.

లిఫ్ట్‌లోనో వరండాలోనో అయిపోతే ముందు పొడిగా తీయండి, తర్వాత సబ్బునీళ్లతో తుడవండి, చివర్లో బ్లీచ్. 30 పాళ్ల నీళ్లకు ఒక పాలు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే పార్వో కూడా చస్తుంది. మలం మీదే బ్లీచ్ పోస్తే దాని బలం అక్కడే చచ్చిపోతుంది, అందుకే ఈ వరుస. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ, అమోనియా ఉన్న క్లీనర్లతో గానీ బ్లీచ్ కలపకండి, విషవాయువు వస్తుంది. ఉచ్చలోనూ అమోనియా ఉంటుంది కాబట్టి అది పోసిన చోట కూడా ముందు నీళ్లతో బాగా కడిగాకే బ్లీచ్ వాడాలి. అమోనియా క్లీనర్ల వాసన కుక్కకు ఉచ్చ వాసనలాగే తోచి మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ తడి ఆరకముందు కుక్కను నడవనిస్తే పాదాలు నాకి జబ్బు తెచ్చుకుంటుంది.

ఇంటికొచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. శానిటైజర్ ఏలికపాము గుడ్లను చంపదు.

తీసేటప్పుడు ఒక చూపు

రోజూ తీసేవాళ్లకు దక్కే లాభం ఒకటుంది: కుక్క ఒంట్లో ఏం జరుగుతోందో అందరికన్నా ముందు తెలుస్తుంది. ఎత్తితే ముక్క విరగకుండా, నేలకు పెద్దగా అంటకుండా వస్తే కడుపు బాగున్నట్టు. పాలు మానేసినా రెండు రోజులకు మించి జారుగానే ఉంటే, తారులా నల్లగా ఉంటే, ఎర్రగా రక్తపు చార కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి. బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు అంటుకుని, కొన్ని మెల్లగా కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. అవి కుక్క ఒంటి మీద గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) ద్వారా వస్తాయి కాబట్టి పురుగుల మందు ఒక్కటే చాలదు, ఆ ఫ్లీలకూ మందు వేయాలి. పెద్ద కుక్కకు మామూలుగా మూడు నెలలకోసారి, కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి పురుగుల మందు పడాలి. ఎనిమిది వారాలు దాటాక నెలకోసారి వేస్తూ ఆరు నెలల దాకా కొనసాగించాలి. మోతాదు బరువును బట్టి డాక్టర్ చెబుతారు.

పరీక్షకు మలం అడిగితే గోళీకాయంత ముక్క చాలు. మట్టి అంటని పైభాగం నుంచి అట్టముక్కతో తీసి, మూత బిగిసే శుభ్రమైన డబ్బాలో వేసి, పేరు, టైము రాసి అదే పూట చేర్చండి.